నగరా నదిపై రాత్రి భోజనం, నీటికాకుల వేట: చూడదగిన వేడుకేనా?

నాగోయా నివాసి: ఈ ఆగస్టులో మా అమ్మానాన్నలు విశాఖపట్నం నుంచి వస్తున్నారు. జపాన్‌లోని గిఫు ఊళ్లో నగరా నదిపై, పైకప్పున్న పడవలో వారికి రాత్రి భోజనం పెట్టించి, నీటికాకులతో చేపలు పట్టించే ‘ఉకాయ్’ను చూపించాలని అనుకున్నాను. పక్షి మెడకు తాడు కట్టి, అది పట్టిన చేపను కక్కిస్తుంటే భోంచేసి చూస్తూ కూర్చోవడం వేడుక ఎలా అవుతుందని మా చెల్లెలు అభ్యంతరం చెప్పింది. చూసినవారు చెప్పగలరు.

పక్షిమిత్ర: మీ చెల్లెలి మాటే సరైనదని నా అభిప్రాయం. అవి పంజరంలో పుట్టిన పక్షులు కావు. ఇబారాకి ప్రాంతంలోని హిటాచి తీరాన, సముద్రపు కొండచరియల వద్ద స్వేచ్ఛగా తిరిగేవాటిని పట్టి తెస్తారు. 1300 ఏళ్లుగా సాగుతున్నంత మాత్రాన ఒక పని న్యాయమైపోదు.

గిఫు యాత్రికుడు: పక్షిమిత్ర గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ రెండుసార్లు ఆ పడవ ఎక్కినవాడిగా నాకు కనిపించింది వేరు. భోజనం ముగిసి చీకటి చిక్కబడ్డాక, వేట పడవ ముక్కున వేలాడే ఇనుప బుట్టలో పైన్ కట్టెలు చిటపటమని మండుతుంటే, నిప్పురవ్వలు నీటిలో రాలి ఆరిపోతుంటాయి. నడుముకు గడ్డితో అల్లిన వస్త్రం చుట్టుకున్న ‘ఉషో’, అంటే పక్షుల్ని నడిపించే వేటగాడు, దాదాపు పది తాళ్లను ఎడమచేత పట్టుకుని, చిక్కుపడ్డవాటిని కుడిచేతి వేళ్లతో విడదీస్తూనే ఉంటాడు. మెడ తాడు ఎంత బిగించాలో అతని వేళ్లకే తెలుసు: చిన్న చేపలు గొంతు దిగిపోవాలి, పెద్ద ‘ఆయు’ చేపలు మాత్రమే ఆగాలి. అక్కడి ఉషోలు ఆరుగురే. వంశపారంపర్యంగా వచ్చే ఆ బాధ్యతకు చక్రవర్తి గృహ వ్యవహారాల సంస్థ గుర్తింపు ఉన్నది. వేట మే 11 నుంచి అక్టోబరు 15 వరకే జరిగినా, పక్షుల పోషణ మాత్రం ఏడాది పొడవునా వారి ఇళ్లలోనే. ఒకదానికొకటి అలవాటుపడిన రెండేసి పక్షులను ఒకే బుట్టలో ఉంచుతారు. ఇంత దగ్గరితనాన్ని హింస అని కొట్టివేయలేను.

పక్షిమిత్ర: ఆ ప్రేమను నేను కాదనడం లేదు. అయితే క్యోటో దగ్గరి ఉజిలో 2014లో, వేటకు పెంచే నీటికాకి గుడ్డు నుంచి పిల్ల పుట్టింది. అటుపై తాడు లేకుండానే వేటాడించే ప్రయత్నమూ అక్కడ మొదలైంది. మరో దారి కనిపిస్తున్నప్పుడు సముద్రపు పక్షిని ఎందుకు పట్టాలి? నా ప్రశ్న ఉషోల మీద కాదు, అలా పక్షుల్ని పట్టి తేవడం మీద.

గిఫు యాత్రికుడు: పక్షుల్ని పట్టి తెచ్చే విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. అయినా నగరా పడవ ఎక్కవద్దని మాత్రం చెప్పలేను. నాగోయా నివాసి గారూ, ఒక్క మాట: తుపాను వల్ల నది పొంగితే వేట ఆగిపోతుంది, బయలుదేరే ముందు విచారించండి.

నాగోయా నివాసి: ఈ చర్చంతా ఫోనులో చదివి వినిపించాను. నాన్నగారు పడవ ఎక్కుతామన్నారు. అమ్మ మాత్రం, ఒడ్డున నిలబడి కాగడాల వెలుగు చూస్తే చాలన్నది. ఇద్దరికీ వేర్వేరుగా ఏర్పాటు చేస్తున్నాను.