పాత పాటలు గొప్పవా, లేక మన ఇరవయ్యేళ్ల వయసు గొప్పదా?

బ్రాడీపేట బాబాయ్:
మొన్న ఆదివారం గుంటూరు నుంచి బెజవాడ పెళ్లికి వెళ్తుంటే కార్లో పాటల దగ్గర మావాడితో గొడవైంది. నేను ఘంటసాల పెట్టమంటాను, వాడు రెండో చరణం రాకముందే మార్చేస్తాడు. కాజ టోల్‌గేటు దగ్గర కారు ఆగినప్పుడు అనేశాడు, "నాన్నా, నీకు నచ్చేది ఆ పాట కాదు, ఆ పాట విన్నప్పటి నీ వయసు" అని. పెళ్లిలో భోజనం కూడా సరిగ్గా సహించలేదు నాకు. ఎందుకంటే లెక్క కుదరట్లేదు. నేను పుట్టింది 1969లో, ఘంటసాల గారు పోయింది 1974లో, అంటే అప్పటికి నాకింకా పలకా బలపమే. అవి నా కుర్రతనపు పాటలు కావు, మా నాన్నవి. నేను ఇరవయ్యేళ్లప్పుడు ఊరంతా మోగిన పాటల్లో సగం ఇవాళ నాకే గుర్తులేవు. మరి ఇవెందుకు పట్టుకున్నాయి? నాకు తోచింది ఒక్కటే, అవి వాయిద్యాలు లేకపోయినా నిలబడతాయి. మా అమ్మ పప్పు ఎనుపుతూ లాహిరి లాహిరి పాడేది, పప్పుగుత్తి చప్పుడే తాళం. ఇప్పటి పాటల్లోంచి ఆ దరువు తీసేసి పాడి చూపించండి, ఏం మిగులుతుందో చూద్దాం.

సత్యనారాయణపురం కుర్రాడు:
బాబాయ్ గారూ, మీ అబ్బాయి అన్నదాంట్లో తప్పేం లేదు. పైగా మీరు చేస్తున్న పోలికే సరైంది కాదు. మీ కాలం పంటని ఎప్పుడో తూర్పారబట్టేశారు, తాలు గాలికి పోయింది, గింజలే మిగిలాయి. మాది ఇంకా కళ్లంలో కుప్ప. ఆ గింజలు పట్టుకొచ్చి ఈ కుప్ప పక్కన పోసి చూడమంటే ఎట్లా? ఇంకో యాభై ఏళ్లాగి అడగండి.

ఇంకోటి, ఇప్పుడన్నీ కాపీ ట్యూన్లు అంటారుగా పెద్దవాళ్లు. 1975లో వచ్చిన అన్నదమ్ముల అనుబంధం హిందీ యాదోంకీ బారాత్‌కి రీమేక్. అందులో గులాబి పువ్వై పాట వినండి, తర్వాత ఆర్.డి. బర్మన్ చురాలియా వినండి. ఇక నేను మాట్లాడను.

ఇంకా నిజం చెప్పాలంటే, తిట్టుకోవద్దు, మా వీధిలో ఘంటసాల గారి గొంతు వినపడేది ఎవరైనా పోయినప్పుడే. భగవద్గీత పెడతారు. ఆ గొంతు వినగానే నాకు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గ్లాసుల్లో టీ గుర్తొస్తాయి. మా కాలేజీకి వెళ్లే దారిలోనే ఆయన పేరు పెట్టిన సంగీత కళాశాల ఉంది. గొప్పవారని తెలుసు. తెలియడం వేరు, నచ్చడం వేరు కదండీ.

కొత్తపేట పంతులమ్మ:
ట్యూన్ల సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. ముప్ఫై ఏళ్లుగా తెలుగు చెప్తున్నాను కాబట్టి నా బాధ ఒక్కటే. ఇప్పటి గాయకులు "ళ" అనాల్సిన చోట "ల" అంటారు, "ణ" ఎక్కడా వినపడదు, "శ"కీ "ష"కీ "స"కీ తేడా ఉండదు. దానికితోడు గొంతుని మోతలో ముంచేస్తారు, నాలుగుసార్లు విన్నా మాట ఏమిటో తెలీదు. సాహిత్యం ఎంత బాగుంటే ఏం లాభం, చెవిదాకా రాకపోతే? ఈ ఒక్క విషయంలో మాత్రం నాతో వాదించకండి.

కీబోర్డు వాయించేవాణ్ణి:
పంతొమ్మిదేళ్లుగా బెజవాడ కళ్యాణ మండపాల్లో ఆర్కెస్ట్రా వాయిస్తున్నా. పాత పాట అంటే మాకు వణుకు. ఫ్లూటు కావాలి, వయొలిన్లు కావాలి, ముందురోజు రిహార్సల్ కావాలి. అప్పట్లో గాయకుడూ వాద్యబృందమూ కలిసి ఒకేసారి రికార్డింగ్ చేసేవాళ్లు, చివర్లో ఎవరో ఒక్కళ్లు తప్పు వాయించినా మళ్లీ అందరూ మొదట్నుంచి రావాల్సిందే. ఆ పొందిక నలుగురం కలిసి ఎక్కణ్ణుంచి తెస్తాం. కొత్త పాటకైతే పెన్‌డ్రైవ్ చాలు, ట్రాక్ నడుస్తుంటుంది, నేను కీబోర్డు మీద చేతులు ఆడిస్తుంటాను. డబ్బులు రెండిటికీ ఒకటే.

అయితే చీటీలు వస్తాయి చూడండి, "పాత పాట పాడండి" అని, ఆ చీటీ ఇచ్చిన మనిషి మొహం చూడకుండా పాట మొదలెట్టకూడదని నేర్చుకున్నా. ఆ మధ్య ఒకాయన చీటీ పంపితే ఘంటసాల ఎత్తుకున్నాం. ఆయన స్టేజీ దగ్గరికొచ్చి "ఇంత పాతది కాదు బ్రదర్" అన్నాడు. ఆయనకి పాతంటే 2004 నాటి పాట! తమ్ముడూ, ఇంకో పదేళ్లకి నువ్వూ నాకు చీటీ పంపిస్తావు.

బాబాయ్ గారి పప్పుగుత్తి పరీక్షకి కొత్తవీ కొన్ని నిలుస్తాయి. సామజవరగమన ఎత్తుకుంటే వంటవాళ్లు కూడా గొంతు కలుపుతారు. రాసింది సిరివెన్నెల గారు. ఆయన్ని పాతవాళ్లలో వేస్తారా, కొత్తవాళ్లలోనా? అన్నమయ్యకి 1997లో ఆ పాటలు చేసిన కీరవాణి గారే 2023లో నాటు నాటుకి ఆస్కార్ తెచ్చారు. మనిషి అదే, హార్మోనియం అదే.

సత్యనారాయణపురం కుర్రాడు:
అన్నా, పెన్‌డ్రైవ్ సంగతి ఇక్కడ చెప్పేశావు, సీజన్లో బుకింగులు ఎట్లా వస్తాయి నీకు.

ఒక్క మాట ఒప్పుకుంటా. పల్లవి ఇప్పుడు తోసుకుంటూ ముందుకొస్తోంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క, రీల్‌కి పనికొచ్చే ముక్క ముందే పడాలి. నిదానంగా ఆలాపన తీస్తే అవతలివాడు పాట మార్చేస్తాడు. కానీ మీ కాలంలో మాత్రం? 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర, పాట దాంట్లో ఇమడాలి. అప్పుడు ప్లేటు కత్తిరించింది, ఇప్పుడు ఫోను కత్తిరిస్తోంది.

బ్రాడీపేట బాబాయ్:
ప్లేటు పాటని కురచ చేసింది బాబూ, తొందరపెట్టలేదు. ఆ మూడు నిమిషాల్లోనే ఆలాపనకీ చోటుండేది. తూర్పారబట్టడం మాట మాత్రం రాత్రంతా ఆలోచించాను, దానికి నా దగ్గర జవాబు లేదు. మా నాన్న కూడా 1985 ప్రాంతంలో నా టేప్ రికార్డర్ చూసి "ఏందిరా ఆ డబ్బాల మోత" అని అరిచేవాడు, ఆ సంగతి మావాడికి చెప్పలేదు, చెప్పను కూడా.

ఇంకో సంగతి. ఇంట్లో సి-90 క్యాసెట్లు అట్టపెట్టె నిండా ఉన్నాయి. కాగితం మీద పాటల జాబితా రాసిస్తే షాపువాడు రికార్డు చేసిచ్చేవాడు. అందులో ఒకదాంట్లో మొదటి సైడు చివర, సరిగ్గా రెండో చరణంలో, టేపు అయిపోయి పాట తెగిపోతుంది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా అక్కడికొచ్చేసరికి నా చెయ్యి సైడు మార్చడానికి లేస్తుంది. అది మాత్రం పాట గొప్పతనం కాదని నాకూ తెలుసు. టేప్ రికార్డర్ బెల్టు సాగిపోయింది, అందరూ నీరసంగా పాడుతున్నట్టుంది. బెజవాడ వన్‌టౌన్‌లో బెల్టు మార్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కీబోర్డు వాయించేవాణ్ణి:
ఉన్నాడండీ, మా ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన. ఉదయం పదకొండు లోపు వెళ్లండి, తర్వాత నిద్రపోతాడు. ఆ తెగిపోయే పాటేంటో చెప్పండి, ట్రాక్ ఉందేమో చూస్తా.