3000 సైజు స్పిన్నింగ్ రీలుకు ఏ దారం? తంగూసా, బ్రెయిడా (సుంకేసుల, గండికోట, మిడ్ పెన్నార్)

సుంకేసుల_గట్టు (కర్నూలు)
అన్నలూ, రీలు 3000 సైజు, రాడ్ 7 అడుగుల మీడియం. స్పూల్ (దారం చుట్టుకునే భాగం) మీద 0.30 – 150 అని, అంటే 0.30 మి.మీ. దారం 150 మీటర్లు అని రాసి ఉంది. ఎక్కువగా తుంగభద్రలో, కేసీ కాలువలో బొచ్చె, శీలావతి, జిలేబీలకు పిండి ఎర. అప్పుడప్పుడు గండికోట వైపు. అంగట్లో ఒకరు 0.45 తంగూసు (నైలాన్ దారం) వేసుకుంటే ఏ చేపకూ తెగదంటున్నారు, ఇంకొకరు 50 పౌండ్ల బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన దారం) అంటున్నారు. ఏది ఎక్కించాలి, ఎంత ఎక్కించాలి?

రీలు_మరమ్మతు (కర్నూలు)
0.45 ఈ రీలుకు వద్దు. చిన్న స్పూల్ మీద లావు తంగూసు చుడితే చుట్ట ఆకారానికి అలవాటు పడిపోతుంది. బెయిల్ (దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే తీగ కడ్డీ) తెరవగానే స్ప్రింగు మాదిరి ఎగిరి బయటికొస్తుంది, విసిరితే రింగులకు కొట్టుకుంటూ పోయి దూరం సగానికి పడిపోతుంది. పైగా పట్టేది ఎంతో లెక్క వేయండి. పొడవు దారం మందం వర్గాన్ని బట్టి మారుతుంది: 150 × (0.30 ÷ 0.45)² = దాదాపు 67 మీటర్లు. అందులో 40 మీటర్లు విసరడానికే పోతే, పారే నీళ్లలో పెద్ద బొచ్చె లాగినప్పుడు ఇవ్వడానికి చేతిలో 27 మీటర్లే ఉంటాయి.

మీరు చెప్పిన పనికి 0.28 లేదా 0.30 తంగూసు సరి. మంచి కంపెనీదైతే 0.30 దారం 12 పౌండ్లు, అంటే ఐదున్నర కిలోల దగ్గర ఉంటుంది. డ్రాగ్ (చేప గట్టిగా లాగితే స్పూల్ జారి దారం వదిలే బిగింపు) సరిగా పెడితే దానికి రెండు మూడింతలు బరువున్న చేపను కూడా అలిపించి తేవచ్చు. జిలేబీలకు మాత్రం ఇది లావు. వాటికి రెండో స్పూల్ కొని 0.20 వేసుకోండి.

మిడ్‌పెన్నార్_గాలి (అనంతపురం)
డ్రాగ్ సరిగా అంటే ఎంతో కూడా చెప్పాల అన్నా. తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు. 5.5 కిలోల దారానికి 1.4 నుంచి 1.8 కిలోలు. చేత్తో లాగి అందాజుగా పెట్టొద్దండి. రాడ్‌ను 45 డిగ్రీలు ఎత్తి పట్టుకుని, దారం కొనకు కొక్కెం త్రాసు తగిలించి ఇంకొకరిని మెల్లగా లాగమనండి. 1.5 దగ్గర స్పూల్ జారడం మొదలవ్వాల. జెర్కులు జెర్కులుగా జారితే డ్రాగ్ వాషర్లు ఎండిపోయినాయని అర్థం. అట్లాంటి రీలుకు ఎంత ఖరీదు దారం వేసినా మొదటి లాగుడుకే తెగుతుంది.

పెన్నా_వొడ్డు (జమ్మలమడుగు)
నేను బ్రెయిడ్ వైపు. గండికోట నీళ్లలో లోతు ఎక్కువ. తంగూసు 20 శాతం పైనే సాగుతుంది కాబట్టి 50 మీటర్ల అవతల గాలం బిగించాలంటే రాడ్ ఎంత వెనక్కి లాగినా కొన దగ్గర చలనం తక్కువ. బ్రెయిడ్ సాగదు, జెల్ల ముట్టినా చేతికి తెలుస్తుంది. కానీ 50 పౌండ్లది ఈ రాడ్‌కు అక్కర్లేదు. పీఈ (బ్రెయిడ్ మందాన్ని చెప్పే అంకె) 1.5 చాలు, మందం 0.205 మి.మీ.

డబ్బా మీది పౌండ్లను పట్టించుకోవద్దు. చవక రకాల్లో 0.20 అని రాసి లోపల 0.30 పెడతారు, అందుకే తెగే బరువు కూడా ఎక్కువ కనపడుతుంది. పెన్సిల్ మీద పక్కపక్కనే ఒత్తుగా 50 చుట్లు చుట్టి స్కేలుతో కొలవండి. 0.20 దారమైతే 10 మి.మీ. రావాలి. 15 మి.మీ. వచ్చిందంటే అది 0.30. బ్రెయిడ్ నొక్కితే చదునవుతుంది కాబట్టి కొంచెం తేడా సహజం, తంగూసుకైతే ఈ కొలత చాలా దగ్గరగా వస్తుంది.

రీలు_మరమ్మతు (కర్నూలు)
బ్రెయిడ్‌తో తెలుస్తుందన్నది నిజమే, కానీ పిండి ఎరకు వచ్చే బొచ్చె మూతి మెత్తన. సాగని దారంతో గట్టిగా గుంజితే గాలం చీల్చుకుని వచ్చేస్తుంది. తంగూసు సాగుడే అక్కడ కాపాడేది. బ్రెయిడే కావాలంటే డ్రాగ్ ఒక కిలోకు దించి, మెత్తటి రాడ్ వాడాలి.

ఇంకో సంగతి. ఖాళీ స్పూల్ మీద నేరుగా బ్రెయిడ్ కడితే పట్టు దొరకదు, మొత్తం చుట్ట గిర్రున తిరుగుతుంది. డ్రాగ్ చెడిపోయిందని మరమ్మతుకు వచ్చే రీళ్లలో చాలావాటికి ఇదే జబ్బు. అడుగున తంగూసు వేయాలి. ఈ స్పూల్‌కు లెక్క: 150 మీటర్ల 0.20 బ్రెయిడ్ ఆక్రమించే జాగా 0.30 తంగూసు 67 మీటర్లకు సమానం. కాబట్టి ముందు 80 మీటర్ల 0.30 తంగూసు, దాని మీద 150 మీటర్ల బ్రెయిడ్. స్పూల్ అంచుకు 2 మి.మీ. కింద ఆగాలి. అంచు దాకా నింపితే విసిరినప్పుడు నాలుగైదు చుట్లు ఒకేసారి దూకుతాయి. 5 మి.మీ. కిందికి పోతే అంచుకు రాసుకుని దూరం తగ్గుతుంది.

సుంకేసుల_గట్టు (కర్నూలు)
తంగూసే ఎక్కిస్తాను అన్నా. ఎక్కించేటప్పుడు పురి పడకుండా ఎట్లా? కాలువ దగ్గర రెండు మూడు గంటలకే దారం ముడతలు పడి చిక్కు అవుతోంది.

రీలు_మరమ్మతు (కర్నూలు)
అసలు ప్రశ్న ఇదే. స్పిన్నింగ్ రీలులో చుట్టేటప్పుడు స్పూల్ తిరగదు, రోటర్ దాని చుట్టూ తిరిగి దారం చుడుతుంది. అందుకే పురి ఈ రీలుకు పుట్టుకతో వచ్చిన గుణం.

ఎక్కించే పద్ధతి: దారాన్ని రాడ్ మొదటి రింగులోంచి దూర్చండి. బెయిల్ తెరిచి, స్పూల్‌కు ముడి వేసి, అప్పుడు బెయిల్ మూయండి. బెయిల్ మూసి కడితే దారం చుట్టుకోదు, ముడి విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. కొత్త దారం చుట్టను నేల మీద చదునుగా, లేబుల్ పైకి పెట్టండి. తడిగుడ్డతో దారాన్ని వేళ్ల మధ్య బిగువుగా పట్టుకుని 20 చుట్లు తిప్పి ఆగండి. రాడ్‌ను చుట్ట వైపు దించి ఒక మీటరు వదులు ఇవ్వండి. వదులు దారం సాఫీగా వేలాడితే అట్లే కానివ్వండి. ఒకదాని మీద ఒకటి మెలికలు తిరిగితే చుట్టను తిరగేసి లేబుల్ కిందికి పెట్టండి. పెన్సిల్‌కు గుచ్చి గిర్రున తిప్పుతూ ఎక్కించడం స్పూలే తిరిగే బెయిట్‌కాస్టింగ్ రీళ్లకు బాగుంటుంది, దీనికి కాదు.

మీకు రెండు మూడు గంటల్లోనే ముడతలు వస్తున్నాయంటే ఎక్కించడంలో కన్నా వాడకంలో తప్పుండొచ్చు. చేప దారం లాక్కుపోతూ డ్రాగ్ కిర్రుమంటుంటే హ్యాండిల్ తిప్పుతున్నారా? గేరు 5.2:1 అయితే ఒక్కో తిప్పుకు రోటర్ ఐదుసార్లు తిరుగుతుంది, దారం లోపలికి రాదు, ఐదు పురులు మాత్రం ఎక్కుతాయి. అట్లా ఇరవై తిప్పులంటే నూరుకు పైనే. చేప పోతున్నప్పుడు చెయ్యి ఆపాలి. అది ఆగినాక రాడ్ పైకెత్తి, దించుతూ చుట్టాలి.

బెయిల్ కింద దారం పోయే చిన్న రోలర్‌ను కూడా చూడండి. దారం బిగువుగా పెట్టి లాగితే అది తిరగాలి. ఇసుక, ఎర పిండి చేరి బిగుసుకుంటే పురి పెరుగుతుంది, దారం ఒకే చోట రాసుకుంటుంది. విప్పి, తుడిచి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క.

మిడ్‌పెన్నార్_గాలి (అనంతపురం)
మా వైపు ఇంగో తిప్పలు ఉంది. ఆషాఢం గాలికి విసిరిన దారం గాలిలో విల్లులాగా వంగుతుంది. హ్యాండిల్ తిప్పి బెయిల్ మూసేస్తే ఆ వదులు చుట్టు స్పూల్ మీద అట్లే ఉండిపోతుంది. తర్వాతి విసురులో దాన్ని లాక్కుని గుత్తి మొత్తం బయటికి వస్తుంది, బ్రెయిడ్ అయితే పిచ్చుక గూడే. ఎర నీళ్లలో పడే ముందు స్పూల్ అంచును వేలితో ఆనించండి, బెయిల్‌ను చేత్తో మూయండి, దారాన్ని ఒకసారి చేత్తో బిగువుగా లాగి అప్పుడు చుట్టండి. ప్రతి విసురుకూ ఇదే.

ఎక్కిన పురి దించడానికి మీకు కేసీ కాలువ ఉంది గదా. గాలం, సీసం, స్వివెల్ (గిర్రున తిరిగే లింకు) అన్నీ విప్పేసి ఉత్త దారాన్ని పారే నీళ్లలో 60 మీటర్లు వదలండి. ఐదు నిమిషాలు పట్టుకుని వేళ్ల మధ్య బిగువుగా చుట్టండి. నిలువ నీటి చెరువులో ఇది కాదు.

పెన్నా_వొడ్డు (జమ్మలమడుగు)
గండికోటకు వస్తే లీడర్ (కొసకు ముడేసే వేరే దారం ముక్క) లేకుండా బ్రెయిడ్ వేయొద్దని నేనే చెప్తా. బిగువుగా ఉన్న బ్రెయిడ్ రాతి అంచుకు ఒక్కసారి రాసుకుంటే తెగుతుంది. అదే బలం ఉన్న తంగూసు లావుగా, నున్నగా ఉంటుంది కాబట్టి కాసేపు ఓర్చుకుంటుంది. బండలున్న చోట 0.40 తంగూసు లేదా ఫ్లోరోకార్బన్ (నీళ్లలో అంతగా కనపడని దారం) మీటరున్నర. వాలుగ ఉన్న నీళ్లకు 0.60, లేదంటే 30 సెం.మీ. తీగ. దాని నోట్లో సన్నపళ్లు వరసలుగా ఉంటాయి, ఒక్క కాటుకు తెగకపోయినా రాపిడికి తెగుతుంది.

ఫ్లోరోకార్బన్‌ను రీలు నిండా ఎక్కించే పని పెట్టుకోవద్దు. బిరుసు ఎక్కువ, ధర ఎక్కువ. నీటికి దాదాపు 1.8 రెట్లు బరువు కాబట్టి మునుగుతుంది, బెండు కట్టి వేసేవాళ్లకు దారం బెండును కిందికి లాగుతుంది. ఎర్రనీళ్లు వచ్చినప్పుడు దాని కనపడని గుణంతో పనే లేదు. నీళ్లు తేరుకున్నాక లీడర్‌గా పనికొస్తుంది.

బ్రెయిడ్ ఎక్కడైనా ఇరుక్కుంటే చేతికి చుట్టుకుని లాగొద్దండి, వేలు ఎముక దాకా కోస్తుంది. కట్టెకు చుట్టి, రాడ్ దారం వరసలోనే పెట్టి వెనక్కి నడవండి.

చెరువు_కొరమీను (ప్రొద్దుటూరు)
గుర్రపుడెక్క, తామర ఉన్న చెరువుల్లో కొరమీనుకు కప్ప లూర్ (కప్ప ఆకారపు ఉత్తుత్తి ఎర) వేసేవాళ్లకు ఈ లెక్కలు వేరు. అక్కడ చేపను అలిపించే సందు ఉండదు, తీగల్లోకి దూరకముందే లాగేయాలి. పీఈ 3 లేదా 4, రీలు 4000, డ్రాగ్ బాగా బిగువు. 3000 రీలు, మీడియం రాడ్‌తో ఆ పని చేస్తే రాడ్ విరుగుతుంది.

రీలు_మరమ్మతు (కర్నూలు)
కొనేముందు ఒక మాట. అంగడి బయట ఎండలో వేలాడదీసిన తంగూసు చుట్టలు కొనొద్దు. నైలాన్‌ను ఎండే చంపుతుంది. బైకు మీద, కారు అద్దం దగ్గర రీలు వదిలేయొద్దు. పైన తెల్లబారి, పొడిగా తగిలితే మార్చే టైమ్ వచ్చినట్లే. పై 50 మీటర్లే అరుగుతాయి కాబట్టి దారాన్ని తిరగేసి ఎక్కిస్తే ఇంకో సీజన్ వస్తుంది. బ్రెయిడ్ రంగు పోవడం లోపం కాదు, నూగు లేస్తేనే లోపం.

బలం తెలుసుకోవాలంటే నీళ్ల క్యాన్‌కు మీరు వేసే ముడితోనే కట్టి వేలాడదీసి, లీటరు లీటరుగా నీళ్లు పోయండి. లీటరుకు కిలో, ఖాళీ క్యాన్ బరువు కూడా కలుపుకోండి. ముడి దగ్గరే తెగుతుంది, అదే మీ అసలు దారం బలం. ముడి బిగించే ముందు ఉమ్ముతో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి తంగూసు అక్కడే దెబ్బతింటుంది. తంగూసుకు క్లించ్ ముడి 6 చుట్లు, బ్రెయిడ్‌కు పాలోమార్. క్లించ్ బ్రెయిడ్‌కు జారుతుంది.

సుంకేసుల_గట్టు (కర్నూలు)
0.28 తీసుకుంటా, రెండో స్పూల్‌కు 0.20. గండికోటకు పోయే రోజు ఇదే 0.28కి 0.40 లీడర్ కడితే, ముడి కొన రింగులో ఇరుక్కోదా?

పెన్నా_వొడ్డు (జమ్మలమడుగు)
లీడర్ 60 సెం.మీ. దాటకుండా కట్టు తమ్ముడూ, విసిరేటప్పుడు ముడి కొన రింగుకు బయటే ఉంటుంది. డబుల్ యూని ముడి (రెండు దారాలను కలిపేది), రెండు వైపులా ఐదేసి చుట్లు, మిగిలిన కొసలు 2 మి.మీ. వదిలి కత్తిరించు. కొన రింగులో దూది తిప్పి చూడు, పోగు పట్టుకుందంటే లోపల గీత పడింది. దారం కన్నా ముందు ఆ రింగు మార్చాలి.