గోల్డెన్ గ్లోబ్ అంచనాలు: మీ లెక్క ఎక్కడ కలిసింది, ఎక్కడ తన్నింది?

రీల్‌రాముడు
అమెరికా సినిమా, టీవీ అవార్డులు గోల్డెన్ గ్లోబ్‌కి 2026 నామినేషన్లు వచ్చేశాయి, జనవరి 11న వేడుక. మేం ఎనిమిది మంది స్నేహితులం ఏటా గోల్డెన్ గ్లోబ్‌కి అంచనాల పోటీ పెట్టుకుంటాం. డబ్బు పందెం లేదు. ఆఖరి స్థానంలో నిలిచినవాడు ఏడాది పొడుగునా మాటలు పడాలి, అంతే. 2025లో ఆ మాటలు పడింది నేనే. 27 కేటగిరీల్లో 11 కలిశాయి.

ఏం చేశానో చెప్తాను, నవ్వకండి. ఆస్కార్‌కి ఎవరు ముందున్నారని అందరూ అంటున్నారో ఆ జాబితా తెచ్చి యథాతథంగా దింపేశాను. కామెడీ సినిమా ‘అనోరా’ (గ్లోబ్‌లో డ్రామాకీ కామెడీకీ అవార్డులు వేరు), కామెడీ నటి మైకీ మ్యాడిసన్, డ్రామా నటి ఏంజెలినా జోలీ, యానిమేషన్ ‘ది వైల్డ్ రోబో’, సంగీతం ‘ది బ్రూటలిస్ట్’. ఐదుకి ఐదూ పోయాయి. తీరా మార్చిలో చూస్తే వాటిలో మూడు ఆస్కార్ గెలిచాయి! ఒక పరీక్షకి చదివి ఇంకో పరీక్ష రాసినట్టయింది.

మీరంతా ఎలా వేస్తారు? ఈసారి పరువు దక్కాలి.

చివరి_వరుస
‘అనోరా’ దగ్గర నాకూ అదే దెబ్బ. ఐదు నామినేషన్లు, ఆ రాత్రి ఒక్కటీ రాలేదు. తర్వాత అదే ఆస్కార్ ఉత్తమ చిత్రం. సంగీతం సంగతైతే ఇంకా తమాషా. గ్లోబ్ ‘ఛాలెంజర్స్’కి ఇచ్చారు, దానికి ఆస్కార్‌లో నామినేషన్ కూడా లేదు.

ఓట్ల_లెక్క
రాముడు గారూ, సినిమాలను పక్కన పెట్టి ముందు ఓటర్లను చూడండి. నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను.

పాత రోజుల్లో ఓటేసేది హాలీవుడ్ ఫారిన్ ప్రెస్ అసోసియేషన్. వంద మంది కూడా లేని చిన్న గుంపు. అందులో ఒక్క నల్లజాతి సభ్యుడూ లేడని 2021లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ రాసింది, గొడవైంది, 2022 వేడుక టీవీలో కూడా రాలేదు. 2023లో ఆ సంఘమే రద్దయింది. ఇప్పుడు ఓటేసేవాళ్లు 300 మందికి పైగా, రకరకాల దేశాల్లో సినిమా గురించి రాసే జర్నలిస్టులు. ఆస్కార్‌కి ఓటేసే నటులూ దర్శకులూ సాంకేతిక నిపుణులూ వేరే జనం. నటుల సంఘం, నిర్మాతల సంఘం అవార్డులు ఆస్కార్‌కి దగ్గరగా ఉండటానికి కారణం ఆ సభ్యులు కొందరు అక్కడా ఓటేస్తారు కాబట్టి. గ్లోబ్‌కి ఆ బంధం లేదు.

ఈ కోణంలో గత రెండేళ్లు చూడండి. 2024లో స్క్రీన్‌ప్లే ‘ఓపెన్‌హైమర్’నీ ‘బార్బీ’నీ దాటి ఫ్రెంచ్ సినిమా ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’కి వెళ్లింది. యానిమేషన్ జపాన్‌కి, ‘ది బాయ్ అండ్ ది హెరాన్’. 2025లో లాట్వియా నుంచి వచ్చిన మాటల్లేని పిల్లి కథ ‘ఫ్లో’. అదే ఏడు డ్రామా నటి కేటగిరీలో జోలీ, నికోల్ కిడ్‌మన్, కేట్ విన్‌స్లెట్, టిల్డా స్వింటన్, పమేలా ఆండర్సన్ వరుసగా కూర్చుని ఉండగా బ్రెజిల్ నటి ఫెర్నాండా టోరెస్ లేచి వేదిక ఎక్కింది. అమెరికాలో కూర్చుని చూసేవాళ్లకి అది షాక్. ఓటర్లెవరో తెలిసినవాళ్లకి కాదు. నేను ఆమె పేరే వేశాను (చెప్పుకోకపోతే ఎలా!).

ఇదే తర్కంతో ఈసారి డ్రామా నటుడు: ‘ది సీక్రెట్ ఏజెంట్’లో వాగ్నర్ మౌరా. మళ్లీ బ్రెజిలే.

పాప్‌కార్న్_పద్మ
ఓట్ల లెక్క గారు చెప్పింది నిజమే కానీ 2023లో పాత సంఘం వాళ్లే కదా ‘నాటు నాటు’కి ఇచ్చింది. ఆ ఏడాది నా అనుభవం చెప్పాలి. పాట కేటగిరీలో రిహానా, లేడీ గాగా, టేలర్ స్విఫ్ట్. వాళ్ల మధ్య మన పాటకి ఎవరిస్తారులే అని రిహానాకి వేశాను. విదేశీ భాషా చిత్రం దగ్గర మాత్రం ప్రేమ పొంగిపోయి ‘ఆర్ఆర్ఆర్’కి వేశాను. పాట గెలిచింది, సినిమా ఓడింది, అది ‘అర్జెంటీనా, 1985’కి పోయింది. నావి రెండూ తప్పే. కీరవాణి గారు వేదిక మీద మాట్లాడుతుంటే ఇంట్లో అందరూ ఎగురుతున్నారు. నేనూ ఎగిరాను. కానీ ఓ కంట నా పాయింటు పోయిందని చూసుకుంటున్నాను. అంత సిగ్గుమాలిన సంతోషం మళ్లీ పడలేదు.

2025లో ఇంకోసారి. మన దర్శకురాలు పాయల్ కపాడియాకి డైరెక్టర్ నామినేషన్ వచ్చిందని వేసేశాను. బ్రేడీ కోర్బెట్ పట్టుకుపోయాడు. అప్పట్నుంచి రెండు కాగితాలు రాస్తున్నాను. ఒకదాని మీద ‘గెలవాలి’, ఇంకోదాని మీద ‘గెలుస్తారు’. పోటీకి పంపేది రెండోదే.

చివరి_వరుస
ఆ రెండు కాగితాలూ ఒకేలా ఉంటే జాగ్రత్తపడాలి పద్మ గారూ. నావి ఎప్పుడూ ఒకేలా ఉంటాయి.

సీరియల్_సుబ్బు
అందరూ సినిమాల దగ్గరే ఆగిపోతారు. పోటీ గెలిచేది టీవీలో. 2025లో 27లో 12 టీవీవే కదా. నాకు ఏటా అక్కడే పాయింట్లు.

మొదటి సంగతి క్యాలెండర్. ఎమ్మీ (టీవీకి ఆస్కార్ లాంటి అవార్డు) లెక్క జూన్ నుంచి మే దాకా. గ్లోబ్‌ది జనవరి నుంచి డిసెంబర్. కాబట్టి సెప్టెంబర్‌లో ఎమ్మీ గెలిచినవాళ్లు ఇక్కడా బలంగానే ఉంటారు, కానీ ఆ తర్వాత మొదలైన కొత్త సిరీస్ ఒకటి మధ్యలో దూరుతుంది. ఈసారి అది ‘ప్లూరిబస్’. నవంబర్‌లో వచ్చింది, ఎమ్మీ ఓటర్ల ముందుకి ఇంకా వెళ్లనే లేదు. డ్రామా నటి నేను రియా సీహార్న్‌కి వేస్తున్నా. సిరీస్‌గా మాత్రం ‘ది పిట్’ని కదిలించలేరు.

రెండోది, సహాయ నటుల కేటగిరీ. ఎమ్మీలో డ్రామాకీ కామెడీకీ లిమిటెడ్ సిరీస్‌కీ (కొన్ని ఎపిసోడ్లలోనే కథ ముగిసేది) విడివిడిగా ఇస్తారు. ఇక్కడ మూడూ కలిపి ఒకే బుట్ట. 2024 సెప్టెంబర్‌లో ఎమ్మీ గెలిచిన ముగ్గురు సహాయ నటుల్లో 2025 గ్లోబ్ నామినేషన్ దాకా వచ్చింది ఒక్క ఎబన్ మాస్-బాక్‌రాక్. గెలిచింది అతనూ కాదు, ‘షోగన్’లో తడనోబు అసానో. ఎమ్మీలో ఓడిపోయిన మనిషి.

మూడోది స్వీప్. ఓటర్లకి ఒక సిరీస్ నచ్చితే చెయ్యి ఆగదు. ‘షోగన్’కి నాలుగు నామినేషన్లు, నాలుగూ వచ్చాయి. అందుకే ‘అడాలసెన్స్’ ఉన్న ప్రతి గడిలో దానికే వేస్తున్నాను, కళ్లు మూసుకుని.

రీల్‌రాముడు
సుబ్బు అన్నా, ‘ది బేర్’ ఇంకా కామెడీలోనే ఉందేంటి? అది చూసి నవ్వినవాడిని నేను ఒక్కణ్ణీ చూడలేదు.

సీరియల్_సుబ్బు
నవ్వకపోయినా పర్లేదు తమ్ముడూ, ఏ గడిలో పెట్టారన్నదే లెక్క. 2024లో కామెడీ సిరీస్ అవార్డు దానిదే. జెరెమీ అలెన్ వైట్‌కైతే 2023, 24, 25 వరసగా మూడేళ్లూ ఇచ్చారు. ఈసారి అతను సినిమాల్లో డ్రామా నటుడిగా కూడా ఉన్నాడు.

గడి_మార్చిన_గోపి
హమ్మయ్య, నా టాపిక్ వచ్చింది.

గ్లోబ్‌లో సగం ఆట ‘డ్రామా’కీ ‘మ్యూజికల్ లేదా కామెడీ’కీ మధ్య గోడ దగ్గరే నడుస్తుంది. సినిమా పంపించేటప్పుడే స్టూడియో ఒక వైపు ఎంచుకుంటుంది. డ్రామాలో పోటీ గట్టిగా ఉంటే ఇవతలికి దూకడానికి చూస్తారు. 2016లో ‘ది మార్షియన్’ కామెడీ సినిమాగా గెలిచింది, మ్యాట్ డేమన్ కామెడీ నటుడిగా గెలిచాడు. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయి బంగాళాదుంపలు పండించుకునే మనిషి కథ! ‘గెట్ అవుట్’ కూడా కామెడీలోనే పోటీ పడింది. 2011లో ‘ది టూరిస్ట్’కి ఇదే దారిలో మూడు నామినేషన్లు వచ్చాయి, దాని మీద వేడుకలోనే జోకులేశారు.

నా అనుభవంలో ఇది అంచనాకి ఎలా పనికొస్తుందంటే, పెద్ద దర్శకుడి బరువైన సినిమా కామెడీ వైపు వచ్చి నిలబడితే దానికే వేసేయండి. పక్కనున్న తేలికపాటి సినిమాలు దాని ముందు ఆగవు. ఈసారి ‘వన్ బ్యాటిల్ ఆఫ్టర్ అనదర్’ తొమ్మిది నామినేషన్లతో అందరికంటే ముందుంది, ఉన్నది కామెడీ వైపు. ఆ గడి నింపడానికి నాకు పావు నిమిషం పట్టలేదు.

నటీనటుల్లో ముఖ్య పాత్రలకే ఈ గోడ. సహాయ పాత్రలు, దర్శకుడు, స్క్రీన్‌ప్లే అందరికీ కలిపి ఒకటే. స్క్రీన్‌ప్లేలో సొంత కథ, పుస్తకం నుంచి తీసినది అన్న తేడా కూడా లేదు. ఆస్కార్‌లో రెండు స్క్రీన్‌ప్లేలు చూసి ఇక్కడ ఒకటి ఎంచుకోవడం మొదటిసారి ఆడేవాళ్లు చేసే తప్పు.

తీన్‌మార్_తర్కం
గోపి గారూ, మీ పావు నిమిషం గడి నా పట్టికని పాడు చేస్తోంది.

2020 నుంచి 2025 దాకా ఆరేళ్లు రాసుకున్నాను. ‘1917’ – శామ్ మెండెస్. ‘నోమాడ్‌ల్యాండ్’ – క్లోయీ జావ్. ‘ది పవర్ ఆఫ్ ది డాగ్’ – జేన్ క్యాంపియన్. ‘ది ఫేబుల్‌మన్స్’ – స్పీల్‌బర్గ్. ‘ఓపెన్‌హైమర్’ – నోలన్. ‘ది బ్రూటలిస్ట్’ – కోర్బెట్. ఆరేళ్లూ డ్రామా సినిమా ఏది గెలిస్తే డైరెక్టర్ అవార్డు కూడా దానికే. కామెడీ వైపు నుంచి ఒక్కరూ లేరు. ఇప్పుడేమో ‘వన్ బ్యాటిల్’ దర్శకుడు పాల్ థామస్ ఆండర్సన్ కామెడీ వైపు కూర్చున్నాడు. లెక్క ప్రకారం వెళ్తే ‘హామ్‌నెట్’ – మళ్లీ క్లోయీ జావ్, లేదా ‘సిన్నర్స్’ – రయాన్ కూగ్లర్ వేయాలి.

ఓట్ల_లెక్క
ఆరేళ్లలో నాలుగేళ్ల ఓట్లు వేసిన సంఘం ఇప్పుడు లేదు కదండీ. కొత్త ఓటర్లవి రెండు వేడుకలే.

తీన్‌మార్_తర్కం
మరి మీ ఫ్రెంచ్ స్క్రీన్‌ప్లే, లాట్వియా పిల్లి కూడా ఆ రెండు వేడుకల నుంచే కదా వచ్చాయి! మీకో న్యాయం, నాకో న్యాయమా?

ఓట్ల_లెక్క
సరే, అది తగిలింది. కానీ ఇంకాస్త వెనక్కి వెళ్లండి. 2017లో డైరెక్టర్ డేమియన్ చాజెల్, ‘లా లా ల్యాండ్’, మ్యూజికల్ వైపు. 2018లో డ్రామా ‘త్రీ బిల్‌బోర్డ్స్’కి పోతే డైరెక్టర్ గియెర్మో డెల్ టోరో. 2019లో డ్రామా ‘బొహీమియన్ రాప్సడీ’, డైరెక్టర్ కువరాన్. మీరు 2020 దగ్గర మొదలుపెట్టడం మీ పట్టికకి బాగా కలిసొచ్చింది.

గడి_మార్చిన_గోపి
😂 తీన్‌మార్ గారు ఇక మాట్లాడరు.

తీన్‌మార్_తర్కం
మాట్లాడతాను. నా పట్టికలో మూడేళ్లు తక్కువున్నాయని ఒప్పుకుంటా. కానీ ఈసారి డ్రామా వైపు ఆరు సినిమాల్లో మూడు ఇంగ్లిష్‌వి కావు: ‘ఇట్ వాజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్’, ‘ది సీక్రెట్ ఏజెంట్’, ‘సెంటిమెంటల్ వాల్యూ’. ఓట్ల లెక్క గారు చెప్పిన విదేశీ అభిమానం ఆ మూడింటికీ పంచుకుంటే ఏమవుతుంది? ముగ్గురన్నదమ్ములు ఒకే వార్డులో నిలబడ్డట్టు. నాలుగోవాడు బయటపడతాడు. అందుకే ‘హామ్‌నెట్’.

పాప్‌కార్న్_పద్మ
ఇది బాగుంది. నేను ‘సెంటిమెంటల్ వాల్యూ’ రాసుకున్నాను, ఎనిమిది నామినేషన్లు ఉన్నాయని. ఇప్పుడు టెన్షన్ పెట్టారు.

సీరియల్_సుబ్బు
నామినేషన్ల సంఖ్య చూసి వేస్తే మోసపోతాం పద్మ గారూ. ‘ఎమీలియా పెరెజ్’కి పది వస్తే గెలిచింది నాలుగు. నాలుగంటే ఎక్కువే అనుకోండి.

రీల్‌రాముడు
అందరికీ థాంక్స్. బాక్సాఫీస్ కేటగిరీ, పాడ్‌కాస్ట్ ఎలా వేయాలి? పాడ్‌కాస్ట్ ఈసారే కొత్తగా వచ్చింది, ముందు చరిత్రే లేదు. మొత్తం 28 అయ్యాయి.

గడి_మార్చిన_గోపి
బాక్సాఫీస్ అంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా అనుకోకండి. 15 కోట్ల డాలర్లు, అందులో 10 కోట్లు అమెరికాలో వసూలు కావాలన్నది ప్రవేశానికి హద్దు మాత్రమే. కొత్త ‘అవతార్’ అయితే విడుదల కాకముందే నామినేట్ అయింది, అంత వసూలు వస్తుందనే నమ్మకంతో. ఇప్పటిదాకా గెలిచిన రెండూ ‘బార్బీ’, ‘వికెడ్’. రెండూ ఉత్తమ చిత్రం నామినేషన్ ఉన్నవే, అక్కడ గెలవనివే. అలా చూస్తే ‘సిన్నర్స్’.

పాప్‌కార్న్_పద్మ
పాడ్‌కాస్ట్ అమీ పోలర్‌కి వేయండి. టీనా ఫేతో కలిసి ఆ వేడుకకి నాలుగుసార్లు హోస్ట్‌గా చేసింది. కొత్త కేటగిరీలో ఓటర్లు తెలిసిన ముఖాన్నే వెతుక్కుంటారు. స్టాండప్ కామెడీ కేటగిరీ మొదటిసారి పెట్టినప్పుడు కూడా రికీ జర్వేస్‌కే కదా ఇచ్చింది, అతనూ పాత హోస్టే.

చివరి_వరుస
ఈ ఒక్క ముక్క కోసం థ్రెడ్ అంతా చదవొచ్చు. పద్మ గారికి దండం.

రీల్‌రాముడు
లిస్ట్ పంపేశాను. డ్రామా సినిమా ‘హామ్‌నెట్’, కామెడీ ‘వన్ బ్యాటిల్’, మౌరా, సీహార్న్, పోలర్ అన్నీ మీ మాటే. కామెడీ నటుడు మాత్రం నా సొంతం, డికాప్రియో. డైరెక్టర్ గడి దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుని జావ్ అని రాసి, కొట్టేసి ఆండర్సన్ అని రాశాను. తీన్‌మార్ గారూ క్షమించాలి.

ఒక్క అనుమానం మిగిలింది. ఆఖరి స్థానంలో ఇద్దరికో ముగ్గురికో సమానంగా వస్తే ఏం చేస్తారు మీరు?

ఓట్ల_లెక్క
1989లో డ్రామా నటి అవార్డు జోడీ ఫోస్టర్, షర్లీ మెక్‌లేన్, సిగోర్నీ వీవర్ ముగ్గురికీ సమానంగా వచ్చింది. ముగ్గురికీ ఇచ్చేశారు. మీరూ అంతే, తిట్లు తలా కాస్త పంచుకోండి.