గుంటలు పడ్డ ఇనుముకు కన్వర్టర్ సరిపోతుందా, బ్లాస్టింగ్ తప్పదా?

పాతగొర్రు:
మా నాన్న వాడిన విత్తనాల గొర్రుకు మళ్లీ రంగు వేద్దామని దించాను. ఎరువు డబ్బా, దాన్ని మోసే ఫ్రేమ్ చెదలు తిన్న కర్రలా గుంటలు పడి ఉన్నాయి. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి రుద్దితే పైన తళతళలాడింది, గుంటల అడుగు మాత్రం నల్లగా అలాగే ఉంది. తుప్పును మార్చే మందు, అదే కన్వర్టర్, పూసి ప్రైమర్ కొట్టేయమని ఒకరు, గాలి ప్రెషర్‌తో గరుకు పొడి కొట్టి తుప్పు లేపే బ్లాస్టింగ్ చేయించకపోతే రంగు దండగ అని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

నట్టుబోల్టు:
కన్వర్టర్ చాలండీ. అందులోని ఫాస్ఫారిక్ యాసిడ్ తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, టానిక్ యాసిడ్ రకమైతే నల్లటి పొర కడుతుంది. ఊడే పెచ్చులు గీకేసి పూయండి. మట్టిలో తిరిగే పనిముట్టుకి షోరూమ్ మెరుపు ఎందుకు?

రంగులపెట్టె:
గొడవ మెరుపు గురించి కాదు. ఎరువు చల్లే మెషిన్‌కి నేనూ ఇలాగే కన్వర్టర్ పూసి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన రెండు కోట్లు కొట్టాను. ఒక్క వానాకాలం దాటేసరికి బొబ్బలు లేచాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే నీటి చుక్క బయటికొచ్చింది, దాని కింద గుంట. వరసగా చిదుముకుంటూ పోయాను, అన్నీ గుంటల మీదే.

ఎరువంటే ఉప్పే కదా. క్లోరైడ్లు, సల్ఫేట్లు గుంట అడుగున దాక్కుంటాయి. కన్వర్టర్ తుప్పును మారుస్తుంది గానీ ఉప్పును తీయదు. ఆ ఉప్పు రంగు పొర గుండా తేమను లాక్కుంటుంది. పైగా తుప్పు మందంగా ఉన్నచోట కన్వర్టర్ అడుగుదాకా దిగదు. నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని, ఫాస్ఫారిక్ రకం పూసి, మిగిలిన యాసిడ్‌ని కడగకుండానే ఎపాక్సీ కొట్టడం. యాసిడ్ తగిలితే ఎపాక్సీని గట్టిపరిచే హార్డనర్ సరిగా పనిచేయదు.

అందుకే ముందు గ్రీజు తీయండి, తర్వాత మంచినీళ్లతో ప్రెషర్ వాష్, ఆ తర్వాతే బ్లాస్టింగ్. గ్రీజు ఉండగా బ్లాస్ట్ చేస్తే దాన్ని గుంటల్లోకి కూరినట్టే. బ్లాస్ట్ అయిన కొన్ని గంటల్లోనే ప్రైమర్ పడాలి.

నట్టుబోల్టు:
డబ్బా రేకు పల్చన కదా. వంకర పోతుంది, గుంటలు కాస్తా చిల్లులవుతాయి. అప్పుడేం చేస్తారు?

రంగులపెట్టె:
చిల్లు పడిందంటే అక్కడ ఇనుము ఎప్పుడో పోయింది, రంగు దాన్ని దాస్తోందంతే. ముక్క కోసి వెల్డింగ్ చేయించుకోవాలి. వంకర మాట నిజమే, ప్రెషర్ తగ్గించమని, నాజిల్‌ని ఒకేచోట నిలపొద్దని ముందే చెప్పండి.

సోడాతొట్టి:
మీ ఇద్దరూ ఎలక్ట్రాలసిస్, అంటే కరెంటుతో తుప్పు వదిలించడం, దాని ఊసే ఎత్తలేదు. ప్లాస్టిక్ తొట్టి, చాకలిసోడా కలిపిన నీళ్లు, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్. నెగటివ్ మన ముక్కకి, పాజిటివ్ పనికిరాని ఇనుప రేకుకి. తారుమారైతే కరిగేది మన ముక్కే! మంచి ఇనుము అరగదు, గుంటల్లో తుప్పు నల్లటి బురదలా వదులవుతుంది, బ్రష్‌తో తోస్తే పోతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. స్ప్రింగులు మాత్రం వేయకండి, ఆ హైడ్రోజన్ పట్టి పెళుసెక్కుతాయి.

పాతగొర్రు:
ఫ్రేమ్ పట్టే తొట్టి నా దగ్గర లేదు. చిన్న ముక్కలకి చూస్తాను. గుంటల్లో పుట్టీ పెట్టాలా?

రంగులపెట్టె:
ఫ్రేమ్‌కి నేనైతే పెట్టను. మామూలు పాలియెస్టర్ పుట్టీ తేమ పీలుస్తుంది. నున్నగా కనపడాల్సిందే అంటే ఎపాక్సీ ప్రైమర్ ఆరాక దాని మీద పెట్టండి. మొదటి కోటు మాత్రం బ్రష్‌తోనే, గుంటల్లోకి పొడుస్తున్నట్టు వేయండి. స్ప్రేతో కొడితే గుంట మూతి మీద పొర కట్టి లోపల గాలి మిగిలిపోవచ్చు.

నట్టుబోల్టు:
సరే, ఎరువు డబ్బా వరకు ఒప్పుకుంటాను. ఎరువు తగలని నా ట్రాలీ ఛాసిస్‌కి కన్వర్టరే వేశాను, అది మాత్రం చెక్కుచెదరలేదు. అన్నట్టు, బ్లాస్టింగ్ ఇసుకతో చేయించకండి. ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. గార్నెట్ అనే రాతి పొడి ఉందేమో అడగండి. రంగు పాతదైతే అందులో సీసం కూడా ఉండొచ్చు, మాస్క్ లేకుండా గ్రైండర్ పట్టొద్దు.

పాతగొర్రు:
మాస్క్ లేకుండానే సగం రుద్దేశాను, ఇవాళ్టికి ఆపేస్తున్నా. రేపు గ్రీజు తీసి ఫ్రేమూ డబ్బా కడుగుతాను. డబ్బా అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తా, దిగిందంటే ముందు వెల్డింగ్ షాపుకే.