అప్‌డేట్: మంచులో పతకం వేటకు వెళ్లివచ్చాం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్ నగరపు శీతాకాల ఉత్సవమైన వింటర్ కార్నివాల్‌లో దాచే పతకాన్ని పిల్లలతో కలిసి వెతకవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా, వెళ్లాం! 1952 నుంచి సాగుతున్న వేట ఇది. స్థానిక పత్రిక రోజుకొకటి చొప్పున ప్రాసలో 12 ఆధారాలు ఇస్తుంది. పతకం సెయింట్ పాల్ ఉన్న ర్యామ్సీ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఎక్కడో మంచు కింద ఉంటుంది.

ఒక్కో పద్యాన్నీ తెలుగులో చెప్పించుకుని మా అత్తయ్యగారు పొడుపుకథలా విప్పారు. ఆమె ఊహను నమ్ముకునే కోమో పార్కుకు వెళ్లాం. పతకాన్ని చెత్తలా కనిపించే వస్తువులో దాస్తారని మీరు ముందే చెప్పడం ఎంత మంచిదైందో! గడ్డకట్టిన చేతితొడుగు ఒకటి దొరికితే, మా పాప దాన్ని ఒడిలో పెట్టుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది. లోపల మంచు పలుకులే. పతకం వేరేవాళ్లకు దొరికింది.

రెండు జతల మేజోళ్లు వేసుకోమన్నవారికి ప్రత్యేక కృతజ్ఞతలు. వచ్చే జనవరికి తనకో చిన్న పార కావాలని పాప ఇప్పుడే అడుగుతోంది.