పేరడీ పాట: బతుకు మీద చురకా, అరువు బాణీ మీద సవారీనా?

స్వరజతి:
పేరడీ పాటలు రోజువారీ బతుకు మీద వ్యాఖ్యానాలని అందరూ తెగ పొగుడుతున్నారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఎవరో కష్టపడి కట్టిన బాణీ ఎత్తుకొచ్చి అందులో ట్రాఫిక్కో, ఈఎంఐయో దూర్చితే వ్యాఖ్యానం అయిపోతుందా? పేరడీ అంటే జరుక్ శాస్త్రిగారిది. శ్రీశ్రీ కవితల్ని అనుకరిస్తూ ఆ ధోరణినే ఆటపట్టించారాయన. 'పేరడీ శాస్త్రి' అని ఊరికే అనలేదు.

మూడోకాలం:
మూలాన్నే ఆటపట్టించడానికీ, దాని బాణీతో ఇంకోదాన్ని ఆటపట్టించడానికీ తేడా ఉన్నమాట నిజమే. 1994లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఇదే గీత గీసింది. టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం ఓ పాత పాటకు కట్టిన పేరడీ మీద కేసు అది. మూలాన్నే ఎగతాళి చేయాలంటే మూలంలోంచి కొంత తీసుకోక తప్పదు. ఇంకెవరినో దెప్పడానికి ఆ పాటను వాడుకుంటే మాత్రం ఎందుకు వాడుకున్నావో సంజాయిషీ చెప్పుకోవాలి అంది. కానీ అది హక్కుల గొడవ. నవ్వు లెక్క వేరు.

ఒక విరహగీతం ఉందనుకోండి (నేను కల్పించిందే లెండి): "నీ జాబే రాక నిదురే లేదు". దాన్ని "ఓటీపీ రాక నిదురే లేదు" అని పాడి చూడండి. మూడు గురువుల చోట మూడు గురువులే, తాళం ఎక్కడా తడబడదు. రాగం ఇంకా విరహంలోనే ఉంది. కాసేపట్లో చెల్లిపోయే నాలుగంకెల కోసం ఫోన్ అరచేతిలో పెట్టుకుని గుడ్లప్పగించే మన అవస్థ ఆ ఏడుపు రాగంలోనే కనబడుతుంది. కొత్త బాణీ కడితే ఈ నవ్వు రాదు.

స్వరజతి:
బాగానే ఉంది, పల్లవి వరకు. చరణం మాటేమిటి? చాలా పేరడీలు అక్కడే చతికిలబడతాయి. ఒక్క జోకునే సాగదీసి సాగదీసి చంపుతారు.

గళ్లచొక్కా:
పెళ్లాం మీద, లావుగా ఉన్నవాళ్ల మీద కట్టేవాటిని కూడా వ్యాఖ్యానం అనమంటారా?

మూడోకాలం:
అనను. వాటిలో పాడేవాడు ఒడ్డున కూర్చుని రాళ్లేస్తుంటాడు. ఓటీపీ పాటలో బకరా పాడేవాడే.
స్వరజతిగారూ, మీ కోసం ఇంకో ముక్క: "వచ్చిందే కాని గడువే లేదు".

స్వరజతి:
'కాని' దగ్గర దీర్ఘం తీయకండి, తాళం తప్పుతుంది. సరే, తర్వాతి పాదం?