తలకి దెబ్బ తగిలినోళ్ళని ఎలా చూసుకోవాలో మా ఊరోళ్ళకి ఎవరైనా నేర్పిస్తారా అండి?

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. రాత్రిపూట కాలవగట్టు మీద బండ్లు జారడం, కొబ్బరి దింపు తీసేవాళ్ళు చెట్టు మీంచి పడిపోవడం ఇక్కడ మామూలే, 108 వచ్చేలోపు ముందు పరిగెత్తేది ఆటోవాళ్ళూ మా కుర్రాళ్ళే. మొన్న సంక్రాంతికి మా బాబాయి బండి మీంచి పడ్డాడు, లేచి కూర్చుని పొంతన లేకుండా మాట్లాడుతుంటే అందరూ తాగేశాడనుకున్నారు, ఆయన మందు ముట్టడండి బాబూ! ఒకడు హెల్మెట్ పీకేశాడు, ఇంకోడు నీళ్ళు పట్టేశాడు, మెడ కదలకుండా పట్టుకోవాలని ఒక్కడికీ తెలీదు. గంటసేపు బానే ఉన్నాడు, తర్వాత వాంతులు, మగత. కాకినాడ తీసుకెళ్తే స్కాన్ తీసి లోపల రక్తం గడ్డకట్టింది అన్నారు.

బతికాడు, అదే చాలు. కానీ ఇప్పుడు చిన్నదానికే కోపం, లైట్లూ హారన్లూ పడవు, మాట తడబడుద్ది. మొన్న రోడ్డు మీద ఆపిన పోలీసాయన కూడా తాగుబోతనే అనుకున్నాడు. ఇలాంటోళ్ళతో నెమ్మదిగా, ఒక్కో ప్రశ్నే అడగాలంట కదా, అది పోలీసులకీ అంబులెన్స్ వాళ్ళకీ ట్రైనింగ్‌లో చెప్తారా?

ఇదివరకు ఒక క్యాంపు పెట్టారు గానీ అందులో సీపీఆర్, అదే గుండె ఆగితే ఛాతీ నొక్కడం, అదొక్కటే. మాకు కావాల్సింది మెడ పట్టుకోవడం, వాంతి అయితే మెడ తిరక్కుండా నలుగురూ కలిసి పక్కకి దొర్లించడం, స్పృహ ఎంతుందో చూడటం, అవి తెలుగులో, చేయించి మరీ నేర్పేవాళ్ళు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చి 134ఎ సెక్షన్ పెట్టారు, సాయం చేసినోళ్ళ మీద కేసు ఉండదు అని చెప్పినా మా ఆటోవాళ్ళు నమ్మట్లేదు, అదీ కాస్త వివరంగా చెప్పాలి. అమలాపురం, రాజోలు వైపు ఎవర్ని అడగాలండి? ఖర్చు ఎంతవుద్ది?